కుమ్మరి చక్రమా? కుమ్మరి గాడిదయా? – హైటెక్ సిటీ చరిత్రమును గూర్చి యొక విచారము

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపురమున సైబర్ టవర్సు అను పది అంతస్తుల భవనమును ప్రారంభించిరి. అప్పటి ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వమునకు చెందిన పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థయు, లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీయు గలిసి దానిని కట్టించినవి. అంతకు మునుపు ఆ ప్రాంతము బండరాళ్ల గుట్టలు, తుప్పలు, నడుమ నడుమ చిన్న గ్రామములు గల ప్రదేశము. ఇప్పుడచ్చట మాదాపురము మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వఱకు రాత్రియు దీపములారని గాజు మేడలు బారులు తీరియున్నవి. ఆ ప్రాంతమునకు సైబరాబాదను క్రొత్త పేరు వచ్చినది. ఆ పేరితోనే 2001లో నగరాభివృద్ధి సంస్థయు, 2003లో పోలీసు కమిషనరేటును ఏర్పడినవి.

ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి, "ఈ భవనమే లేకున్నచో ఈ వైభవ మెక్కడిది?" అని యొక పక్షమువా రందురు. "ఆ భవనము లేకున్నను ఇదియంతయు వచ్చెడిదే, కాలము తెచ్చినదానిని తన పద్దులో వ్రాసికొనుట యేమి గొప్ప?" అని మఱియొక పక్షమువా రందురు. ఎన్నికలు వచ్చినప్పుడు ఈ వాదము వేదికలపై నడచును. ఎన్నికలు లేనప్పుడు భోజనపు పంక్తిలో నడచును. మా పాఠశాలలో పదవ తరగతి పిల్లలు సైతము దీనిని గూర్చి కలహించుకొనుట నేను వినియున్నాను. తండ్రి యే పక్షమో కుమారుడు నా పక్షమే. ఇరుపక్షములవారును జరిగిన కథను గూర్చి వాదించుచున్నట్లు కనబడుదురు గాని, నిజమునకు వారు చెప్పునది జరుగని కథ. సైబర్ టవర్సు కట్టబడని హైదరాబాదును వారిలో నెవ్వరును చూడలేదు, ఎవ్వరును చూడబోరు.

ఇది కీర్తికి మాత్రమే సంబంధించిన తగవైనచో దీనిని రాజకీయులకే విడిచిపెట్టవచ్చును. కాని దీని వెనుక ప్రజాధన మున్నది. మాదాపురమును జూచి, 2020లో కరీంనగరమునను, ఖమ్మమునను ఐటీ భవనములు వెలసినవి. 2023లో మహబూబ్‌నగరము, సిద్దిపేట, నిజామాబాదులకును అట్టివే వచ్చినవి. సైబర్ టవర్సు నిజముగా హైదరాబాదు భాగ్యమునకు కారణమైనచో, ఆ ఔషధమునే చిన్న పట్టణములకును ఇచ్చుట బుద్ధిమంతుల పని. కారణము కానిచో, ఆ సొమ్ముతో పాఠశాలలకు కప్పులు వేయించవచ్చును. కాబట్టి "కారణ" మనగా నేమో మొదట తెలిసికొనవలసియున్నది.

మన నైయాయికు లీ చిక్కును ఎన్నడో గుర్తించిరి. విశ్వనాథ పంచాననుని భాషాపరిచ్ఛేదమును తర్కవిద్యార్థు లందఱును చదువుదురు. అందు కుండ పుట్టుకకు కారణములేవి యను విచారమున్నది. మట్టి, చక్రము, దండము, కుమ్మరి – ఇవి కారణములు. మఱి మట్టిని మోసికొని వచ్చిన గాడిద మాటయేమి? కుండ పుట్టకమునుపు అదియు అచ్చటనే యుండెను గదా! కుమ్మరి తండ్రియు కుండకంటె ముందే పుట్టెను గదా! దండముతో పాటు దండము రంగును చక్రము చెంతనే యుండెను గదా! ముందుగా నుండుట మాత్రమే కారణత్వమైనచో వీని నన్నిటిని లెక్కింపవలసివచ్చును. వారి సమాధానము మిక్కిలి చక్కనిది. గాడిద లేకున్నను, మనుష్యుని తలమీదనో బండిమీదనో మట్టి వచ్చును, కుండ పుట్టును. కావున గాడిద "అన్యథాసిద్ధము". అది కనబడును, ముందుగా నుండును, శ్రమపడును గూడ. కారణము మాత్రము కాదు. కాకి వ్రాలగానే తాటిపండు రాలెనను కాకతాళీయ న్యాయమును మన మందఱ మెఱుగుదుము. గాడిద కథ అంతకంటె సూక్ష్మమైనది. ఏలయన కాకికి పండుతో నే సంబంధమును లేదు, గాడిదకు కుండతో కొంత సంబంధ మున్నది.

కనుక మన ప్రశ్న యిది: సైబర్ టవర్సు చక్రమా, గాడిదయా? కుండల విషయమున దీనిని తేల్చుట సులభము. గాడిదను కట్టివేసి మఱియొక కుండ చేసి చూడవచ్చును. నగరము కుండ కాదు. హైదరాబాదు ఒక్కటే, 1998వ సంవత్సరమును ఒక్కమాఱే వచ్చిపోయినది. తర్కశాస్త్రము ప్రశ్నను ఇచ్చినదే కాని తూనికను ఇయ్యలేదు.

ఆ తూనిక దొరకనందున జనులు సామాన్యముగా చేయుపని యేమనగా, ముందు వెనుకలను పోల్చి తృప్తిపడుట. ఈ పోలిక యెంత మోసకరమో ఒక లెక్కతో చూపెదను. 2013-14లో, అనగా ఆంధ్రప్రదేశము రెండుగా చీలుటకు ముందటి యేట, తెలంగాణ ప్రాంతపు ఐటీ ఎగుమతులు 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో అవి 2,41,275 కోట్లు. తొమ్మిది సంవత్సరములలో నాలుగింతలకు పైగా పెరిగిన వని ప్రభుత్వమువారు సంతోషముతో ప్రకటించిరి. అంకెలలో తప్పులేదు. కాని ఆ సరుకు అమ్ముడుపోవునది డాలరులకు. 2013-14లో డాలరు సగటున 60 రూపాయలకు కొంచె మెక్కువ; 2022-23లో సుమారు 80 రూపాయలు. డాలరులలో లెక్కించినచో 950 కోట్ల డాలరులు 3,000 కోట్ల డాలరు లయినవి. అనగా నాలుగింతలు మూడింతలకు దిగినవి. ఆ తొమ్మిదేండ్లలోనే భారతదేశమంతటి ఐటీ ఎగుమతులును డాలరులలో రెండింతలకు మించి పెరిగినవి. దేశమంతటి పెంపును తీసివేసినచో హైదరాబాదు ప్రత్యేకముగా సాధించినది ఒకటిన్నర రెట్లకు లోపే. ఇది యల్పమని నే ననను. పోటీలో ఇతరులను మించి ఒకటికి ఒకటిన్నర సమీపించుట గొప్పయే. కాని నాలుగింతలు వేఱు, ఒకటిన్నర వేఱు. రూపాయి పతనమును ఏ రాష్ట్రప్రభుత్వమును తన ఘనతగా చెప్పుకొనజాలదు గదా!

ముందు వెనుకల పోలిక పనికిరానిచో, పొరుగువానితో పోల్చి చూడవచ్చునని తోచును. ఇందును చిక్కున్నది. మన దేశమున దీనికి మంచి నిదర్శనము గోదావరి ఆనకట్ట. 1847లో సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరమున దానిని ప్రారంభించెను. 1852 నాటికి ముగిసినది. పిమ్మట డెల్టాలో పంటలు, శిస్తు, జనసంఖ్య ఎట్లు వృద్ధి పొందెనో గోదావరి జిల్లావారికి చెప్పనక్కఱలేదు. ఆ వృద్ధిలో ఆనకట్ట భాగ మెంత, కాలము భాగ మెంత? ఆనకట్ట లేని పొరుగు జిల్లాతో పోల్చుద మన్నచో, సహజముగా కృష్ణామండలము తోచును: అదే సముద్రతీరము, అదే నల్లరేగడి, అవే పంటలు. కాని 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్ట వచ్చినది! పోల్చదగిన పొరుగువాడును అదే మందు త్రాగినాడు. ఆనకట్ట లేని విశాఖపట్టణ మండలముతో పోల్చుద మన్నచో, అది కొండలు, మెట్టలు గల ప్రదేశము, డెల్టాకు సాటిరాదు. సరియైన పొరుగువాడు మందు త్రాగినాడు. మందు త్రాగనివాడు సరియైన పొరుగువాడు కాడు. ఈ వాక్యమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. హైదరాబాదునకు వచ్చినప్పు డిది మఱల మన కెదురుపడును.

ఇరువదియొకటవ శతాబ్దారంభమున ఈ చిక్కునకు ఒక యుపాయము దొరకినది. మూలసూత్రము మన అంగడివాని తక్కెడలో నున్నదే. ఒక వస్తువునకు సరిగా తూగు రాయి యొక్కటియు లేనప్పుడు అంగడివా డేమి చేయును? సేరు రాయి, అర్ధసేరు రాయి, పావుసేరు రాయి చేర్చి సరితూచును. అట్లే ఒక నగరమునకు సరియగు పొరుగునగర మొక్కటియు లేకున్నచో, అనేక నగరములను తగిన పాళ్లలో కలిపి, దానికి సరితూగు కల్పితనగరము నొకదానిని కూర్చవచ్చును. పాళ్లను మన ఇచ్చవచ్చినట్లు నిర్ణయింపరాదు. మార్పు జరుగుటకు ముందటి పది పదునైదేండ్లలో ఆ కల్పితనగరము నిజనగరముతో అడుగులో అడుగుగా నడచినట్లు లెక్క కుదిరిన పాళ్లనే గ్రహింపవలెను. ఏ పాలును సున్నకు తగ్గరాదు. అన్నియు కలిసి ఒకటి కావలెను. మార్పు జరిగిన పిమ్మట నిజనగరము ఒక త్రోవను, కల్పితనగరము మఱియొక త్రోవను పోయినచో, ఆ రెండు త్రోవల నడిమి యెడమే ఆ మార్పు ఫలము. ఆంగ్లమున దీనిని సింథటిక్ కంట్రోల్ అందురు. నేను కల్పిత ప్రతిరూప మని వ్యవహరించెదను.

2003లో అల్బెర్టో అబడీ, హావియేర్ గార్డియజాబల్ అను ఆచార్యు లిరువురు దీనిని మొట్టమొదట ప్రయోగించిరి. స్పెయిన్ దేశపు ఉత్తరమున బాస్కు సీమ కలదు. అది 1970 ప్రాంతమున ఆ దేశమునందలి సంపన్నసీమలలో నొకటి. పిమ్మట ఈటా అను సాయుధసంస్థ హత్యలతోను, అపహరణములతోను ఆ సీమ తల్లడిల్లినది. దౌర్జన్యమువలన ఎంత సంపద నష్టమైనది? వారు కటలోనియా సీమనుండి నూటికి 85 పాళ్లు, మాడ్రిడ్ సీమనుండి 15 పాళ్లు తీసికొని కల్పితమైన బాస్కును కూర్చిరి. దౌర్జన్యమునకు ముందు రెండును కలిసి నడచినవి. తరువాత నిజమైన బాస్కు వెనుకబడినది. తలసరి యుత్పత్తిలో ఆ లోటు నూటికి పది వంతుల మేర యని తేలినది.

2010లో అబడీయే అలెక్సిస్ డైమండ్, యెన్స్ హైన్‌మ్యూలర్ అను వారితో గలిసి కాలిఫోర్నియా పొగాకు శాసనమును తూచెను. ఆ రాష్ట్రపు ఓటరులు 1988లో అంగీకరించిన శాసనముచే 1989 జనవరినుండి సిగరెట్టు పెట్టె యొక్కంటికి 25 సెంట్ల అదనపు పన్ను పడినది. కల్పితమైన కాలిఫోర్నియాలో యూటా పాలు మూడవ వంతు, నెవాడా పాలు నాలుగవ వంతునకు కొంచెము తక్కువ, మిగిలినది మోంటానా, కొలరాడో, కనెక్టికట్ రాష్ట్రములది. 2000 నాటికి కాలిఫోర్నియాలో తలకు ఏటికి 26 పెట్టెల చొప్పున వాడుక తగ్గినట్లు లెక్కకు వచ్చినది. ఈ ఫలితముకంటె నాకు నచ్చినవి వారు పాటించిన నియమములు రెండు. మొదటిది, ఆ కాలముననే పొగాకుపై పెద్ద ఉద్యమము నడపిన లేక పన్ను మిక్కిలి పెంచిన రాష్ట్రముల నన్నిటిని వారు పోలికనుండి తొలగించిరి. అనగా మందు త్రాగిన పొరుగువానిని తక్కెడలోనికి రానీయలేదు. మిగిలినవి 38. రెండవది, ఏ శాసనమును చేయని ఆ 38 రాష్ట్రములను గూడ ఒక్కొక్కదానిని చేసినట్లే భావించి అదే తక్కెడలో తూచిరి. ఏమియు జరుగనిచోట గూడ తక్కెడ పెద్ద యెడమును చూపినచో, తక్కెడయే చెడినదని తెలియును. అట్లు జరుగలేదు. ముందటి సరిపోలికతో చూడగా తరువాతి యెడము మిక్కిలి యెక్కువైనది 39 రాష్ట్రములలో కాలిఫోర్నియాయే. మన పత్రికలలో "ఈ పథకమువలన ఇంత మేలు" అని ప్రకటించువారు ఇట్టి పరీక్ష నొక్కమాఱైనను చేసియుందురా యని నాకు సందేహము.

ఇక ఈ తక్కెడను హైదరాబాదునకు తెత్తము. కల్పితమైన హైదరాబాదును కూర్చుటకు ఏ రాళ్లున్నవి?

మొదట తోచునది బెంగుళూరు. కాని బెంగుళూరున ఎలక్ట్రానిక్ సిటీ 1978లోనే ఏర్పడినది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు కంపెనీ వచ్చినది. మద్రాసున 2000లో టైడెల్ పార్కు తెఱవబడినది. తిరువనంతపురమున టెక్నోపార్కు 1990లోనే స్థాపితమైనది. హైటెక్ సిటీకంటె ఎనిమిదేండ్లు పెద్దది. పూనాకు హింజవాడి వచ్చినది. గోదావరి, కృష్ణల కథయే మఱల వచ్చినది: పోల్చదగినవా రందఱును మందు త్రాగినవారే. మందు త్రాగని నగరములు, అనగా విద్యావంతులు, పరిశోధనశాలలు, విమానాశ్రయము ఉండియు ఇట్టి భవనము కట్టనివి, హైదరాబాదునకు సాటివచ్చునవి వ్రేళ్లమీద లెక్కింప నెక్కువ లేవు.

రెండవ చిక్కు తేదీకి సంబంధించినది. కాలిఫోర్నియాలో పన్ను ఒకనాడు పడినది. హైదరాబాదున మార్పు ఏనాడు మొదలైనది? 1998 అని శిలాఫలకము చెప్పును. కాని సాఫ్టువేరు ఎగుమతిదారులకు వసతులు కల్పించుటకై కేంద్రప్రభుత్వము సాఫ్టువేరు టెక్నాలజీ పార్కుల సంస్థను స్థాపించినది 1991లో. ఆ పార్కులలోని ఎగుమతి లాభములపై ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చివఱకు నడచినది. సత్యం కంపెనీ హైదరాబాదున 1987లోనే పుట్టినది. మైక్రోసాఫ్టువారి అభివృద్ధికేంద్రమును, అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థయు 1998లో, భవనముతో పాటే వచ్చినవి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో, శంషాబాదు విమానాశ్రయము 2008లో, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఆ తరువాత వచ్చినవి. ఇన్ని మందులు వరుసగా త్రాగిన రోగికి ఏ మందు గుణమిచ్చినదో వైద్యుడైనను చెప్పలేడు.

పైగా మట్టి సంగతి చూడవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918 నాటిది. ఇప్పటి రసాయన సాంకేతిక పరిశోధనసంస్థకు మూలమైన ప్రయోగశాల నిజాము కాలమున 1944లో నెలకొన్నది. జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ 1961లో, ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ 1967లో వచ్చినవి. రామచంద్రపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు, రక్షణశాఖ పరిశోధనాలయములు సరేసరి. ఈ సంస్థలలో పనిచేసిన ఇంజనీరుల బిడ్డలే తరువాతి తరమున కంప్యూటరు ముందు గూర్చుండిరి. 1986లో ఎంసెట్ పరీక్ష మొదలైనది. 1990 తరువాత ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు వందలకొలది వెలసినవి. పొలమమ్మి కుమారుని చదివించిన తండ్రులు, గాజులమ్మి ఫీజు కట్టిన తల్లులు, ఏ శిలాఫలకముపైనను కనబడరు. అమీరుపేటలో ఇరుకు గదులలో వందమంది నొక్కచోట గూర్చుండబెట్టి జావా, ఒరాకిల్ మున్నగునవి నేర్పిన శిక్షణాలయములకును ప్రారంభోత్సవములు జరుగలేదు. శతాబ్దాంతమున పాత కంప్యూటరులలో తేదీలు తాఱుమాఱగునను భయముతో అమెరికావారికి పనివాండ్రు వేలకొలది కావలసివచ్చిరి. ఆ గిరాకిని హైదరాబాదు సృష్టింపలేదు.

మూడవ చిక్కు కొలతది. బాస్కు సీమకు 1955 నుండి ఏటేటి యుత్పత్తి లెక్కలున్నవి. మన నగరములకు 1998కి వెనుక ఇరువదేండ్ల వరుస యట్టిది లేదు. రాష్ట్రము లెక్కలున్నవి గాని, 2001 జనగణనలో ఏడున్నర కోట్లకు మించిన జనముగల ఆంధ్రప్రదేశమున మాదాపురపు మార్పును వెదకుట చెఱువులో చెంబెడు పాలు వెదకుటయే.

ఇట్లనుటచే ఈ తక్కెడ తెలుగుదేశమున పనికిరాదని చదువరులు తలంపరాదు. సంఘసంస్కారాభిమానులకు ప్రియమైన మద్యనిషేధమునే తీసికొందము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించుటతో ఉద్యమము రాజుకొన్నది. 1993 అక్టోబరు 1న సారాయి, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధింపబడినవి. 1997లో నిషేధము సడలినది. తేదీలు స్పష్టము, మార్పు రాష్ట్రమంతటికిని ఒకటే, చుట్టునున్న రాష్ట్రములలో పెక్కింటికి అది లేదు. 1996 నుండి 1998 వఱకు తానును నిషేధించిన హర్యానాను తొలగించి, మిగిలినవానితో కల్పితమైన ఆంధ్రప్రదేశమును కూర్చవచ్చును. ఇచ్చట కష్టము వేఱొకటి: నిషేధకాలమున దొంగచాటుగా త్రాగినది దుకాణపు లెక్కలలో నుండదు. కాబట్టి అమ్మకమునుగాక, ఇంటి ఖర్చును, ఆసుపత్రికి వచ్చిన గాయములను కొలువవలెను. ఏది తూచవలెనో ఎఱిగినగాని తక్కెడ యేల?

మఱల మాదాపురమునకు వత్తము. సంఖ్యలతో తూచలేకున్నను, అన్వయవ్యతిరేకములు మన కింకను మిగిలియున్నవి. తిరువనంతపురమునకు భవనము ముందే వచ్చినది. ఆ పట్టణము మేలు పొందినది గాని హైదరాబాదంత కాలేదు. చక్రమున్నను కుండ చిన్నదే. ఢిల్లీ ప్రక్కన గుర్‌గాఁవ్‌లో ప్రధానముగా ప్రైవేటు నిర్మాణసంస్థలే మేడలు కట్టినవి. ప్రభుత్వము గోపురము నెత్తకున్నను కంపెనీలు వచ్చినవి. చక్రము వేఱైనను కుండ పుట్టినది. ఈ రెండును జూడగా, హైదరాబాదున సాఫ్టువేరు పని యెంత పెరిగెనను విషయమున సైబర్ టవర్సు పాలు ప్రచారకులు చెప్పునంత యుండదని నా నిశ్చయము. దేశమంతటి పన్ను మినహాయింపు, అమెరికా గిరాకి, కళాశాలలు – ఇవి మట్టియు కుమ్మరియు.

కాని "ఎంత" యను ప్రశ్నను విడిచి "ఎచ్చట" యని యడిగినచో సమాధానము మాఱిపోవును. 1990 నాటి హైదరాబాదున ఎలక్ట్రానిక్సు పరిశ్రమ తూర్పున, ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్, ఉప్పలు ప్రాంతములం దుండెను. క్రొత్త పరిశ్రమ సహజముగా పాతదాని ప్రక్కననే చేరుట యెక్కడనైనను చూచుచున్నాము. ఇచ్చట నది పడమటకు పోయినది. ప్రభుత్వము అచ్చట భూమి నిచ్చినది, రోడ్డు వేసినది, ప్రత్యేకమైన అభివృద్ధి సంస్థను పెట్టినది, మొదటి భవనమును కట్టి చూపినది. ఆ పిమ్మట వచ్చిన ప్రతి కంపెనీయు ముందు వచ్చినదాని ప్రక్కను కోరుకొన్నది. ఈ విషయమున భవనము గాడిద కాదు, చక్రమే. ఒకే నగరమున తూర్పును పడమరతో పోల్చునప్పుడు రూపాయి విలువ, పన్ను మినహాయింపు, ఎంసెట్ – ఇవి యిరువైపులకును సమానముగా నుండి తమంతట తామే కొట్టివేయబడును గనుక, ఈ మాట కొంత ధైర్యముతో చెప్పగలుగుచున్నాను. ముప్పదేండ్లలో తూర్పున స్థలము కొన్నవానికిని పడమట స్థలము కొన్నవానికిని ఏర్పడిన భేద మా నగరమున ప్రతి కుటుంబమును ఎఱుగును. పడమటి గ్రామములలో ముందుగనే యెకరములమ్ముకొని పోయినవారి సంగతియు ఎఱుగును.

ఇంకొక మాట. ఈ తక్కెడ యెంత చక్కగా తూచినను, "ఈ పని చేయకుండినచో నేమగును" అను దానికే యుత్తర మిచ్చును. "ఆ శ్రద్ధయే మఱియొక పనిపై పెట్టినచో నేమగును" అను దానికి ఇయ్యదు. 1998 తరువాతి యేండ్లలో రాష్ట్రమున కఱవులు వచ్చినవి. రైతుల ఆత్మహత్యలు దేశమును కలచినవి. 2004 ఎన్నికలలో చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వ మోడిపోయినది. ముఖ్యమంత్రి దృష్టి యంతయు మాదాపురముపై నుండెననియు, పొలములను మఱచెననియు ప్రతిపక్షమువా రనిరి. ఆ నింద యెంతవఱకు న్యాయమో నేనిచ్చట విచారింపను. కాని యది హైటెక్ సిటీ వలన మేలు కలుగలేదను నింద కాదు. వేఱొకచోట కలుగవలసిన మేలు కలుగలేదను నింద. వీనిని కలిపి వాదించుటచే మన సభలలో సగము కేకలు పుట్టుచున్నవి.

జిల్లా పట్టణముల భవనముల విషయమున మాత్రము ఆలస్యము కాలేదు. కరీంనగరపు భవనము 2020 జూలైలోను, ఖమ్మముది అదే యేట డిసెంబరులోను తెఱవబడినవి, తేదీలు స్పష్టము. ఆ భవనములలో ఏటేట ఎందఱు పనిచేయుచున్నారు, వారిలో నెందఱు ఆ జిల్లావారు, మూడేండ్లైన పిమ్మట ఎందఱు మిగిలిరి, ఎందఱు హైదరాబాదునకు పోయిరి, వారి జీతమెంత, ఆ వీథిలో ఇంటి యద్దె యెంత – ఇవి యొక గుమాస్తా ఒక నోటుపుస్తకములో వ్రాయగల సంగతులు. భవనము కట్టిన పట్టణమునందే కాక కట్టని పట్టణమునందును వానిని వ్రాయవలెను. భవనము రాకమునుపటి సంవత్సరముల లెక్కలను గూడ పురపాలకసంఘపు దస్తరములనుండి వెదకి చేర్చవలెను. ఒక్కొక్క జిల్లాకే యొక్కొక్క భవనము చొప్పున పంచుచు పోవుటచే, కట్టని పట్టణములు ఇప్పటికే తక్కువగా మిగిలియున్నవి.